‘మేము నేసేవాళ్ళం’ — ఒక క్రియారూపమును గురించి

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏదైనా ఒక సాహిత్య విషయము మీద మాట్లాడవలసినదని కార్యదర్శిగారు మమ్ములను కోరినారు. కావ్యములను గురించి చెప్పగల పండితులు ఈ సభలోనే ఉన్నారు. వారి ఎదుట మేము ఆ సాహసము చేయము. ముప్పది యేండ్లు పిల్లలచేత క్రియారూపములు వల్లెవేయించిన వారము గనుక ఒక్క క్రియతో సరిపెట్టుకుంటాము. ఆ క్రియ మనందరికీ అన్నము పెట్టినదే: ‘నేయు’. అందులోనూ ఒక్క రూపము. ‘నేసేవాళ్ళం’. ఈ ఒక్క మాటకు ఇంత సేపా అని మీలో కొందరు అనుకోవచ్చును. దాని అర్థము తెలియక మేము ఒక ముసలివానికి చేసిన అపకారము చెప్పిన తరువాత ఆ మాట అనండి.

మొదట ఈ ఆలోచన మాకు ఎందుకు కలిగినదో చెప్పాలి. పోయిన వేసవిలో మా మనుమరాలు అమెరికాలోని టెక్సాసు నుండి వచ్చి నెల్లాళ్ళు మా ఇంట ఉన్నది. అక్కడి బడులలో పిల్లలు రెండవ భాషగా స్పానిషు నేర్చుకుంటారు. మెక్సికో పొరుగున ఉండుటచేత ఆ భాష అక్కడి అంగళ్ళలోనూ వీధులలోనూ వినబడుతుంది, మన పేటలలో మరాఠీ వినబడినట్టే. సెలవులకు ఇచ్చిన పాఠము ముందు వేసుకొని ఆ పిల్ల ఒకనాడు పొద్దున్నే గొణుగుకుంటున్నది: “అబ్లాబా, అబ్లాబాస్, అబ్లాబా, అబ్లాబామోస్...” ఇదేమి మంత్రమమ్మా అని అడిగాము. “మంత్రం కాదు తాతా, భూతకాలం. మాట్లాడేదాన్ని, మాట్లాడేవాడివి అని చెప్పాలంటే ఇట్లా అనాలి. మామూలు భూతకాలం వేరు, ఇది వేరు. రెండూ కలిపేస్తే మా టీచరు మార్కులు తీసేస్తుంది” అన్నది.

దానిని వారు ‘ఇంపెర్‌ఫెక్తో’ అంటారు. లోపము గలది అని కాదు. పూర్తి కానిది, కొస తెగనిది అని అర్థము. లాటిను భాషనుండి వచ్చిన పేరు. ఒక పని జరిగి ముగిసిపోతే దానికి ఒక రూపము. ఆ పని మాటిమాటికీ జరుగుతూ ఉండినా, లేక ఇంకొకటి జరిగిన వేళకు ఇంకా సాగుతూ ఉండినా, దానికి వేరొక రూపము. ‘మాట్లాడు’ అనే దానిని ‘అబ్లార్’ అంటారట. అయితే నేయడాన్ని ఏమంటారో చూడమన్నాము. నిఘంటువు తిరగవేసి ‘తెహేర్’ అని చెప్పింది. ఇంక మాకు నిద్ర పట్టుతుందా! ఆ మధ్యాహ్నమంతా ఇద్దరమూ కూర్చొని దానిని నేశాము.

నేను తెహీయా, నీవు తెహీయాస్, అతడైనా ఆమెయైనా తెహీయా, మేము తెహీయామోస్, మీరు తెహీయాయిస్, వారు తెహీయాన్. ఇంతే. ఇందులో ‘మీరు తెహీయాయిస్’ అన్నది స్పెయిను దేశములోనే గాని మెక్సికో వైపున వాడుకలో లేదనీ, అక్కడ ‘మీరు’కూ ‘వారు’కూ ఒకటే రూపమనీ, కనుక తమ టీచరు దానిని అడగదనీ పిల్ల సంతోషముగా చెప్పింది. పరీక్షకు రాని దానిమీద పిల్లలకు ఉండే ప్రేమ ఏ దేశములోనైనా ఒకటే. ‘ఆర్’తో ముగిసే క్రియలకు ‘ఆబా’ చేరుతుంది, ‘ఎర్’, ‘ఈర్’లతో ముగిసే వాటికి ‘ఈయా’ చేరుతుంది. ఈ లెక్క తప్పేవి మొత్తము భాషలో మూడే మూడు: ‘సెర్’ అంటే అగుట, దానికి ‘ఎరా’, ‘ఈర్’ అంటే పోవుట, దానికి ‘ఈబా’, ‘వెర్’ అంటే చూచుట, దానికి ‘వెయీయా’. స్పానిషులో తక్కిన కాలములలో క్రియలు పిల్లలను ఏడిపిస్తాయట. ఈ కాలములో మాత్రము కనికరిస్తాయి.

“తాతా, మన తెలుగులో ఇది ఉందా?” అని అడిగింది పిల్ల.

ఉన్నది. మూడు మినహాయింపులు కూడా లేకుండా ఉన్నది. చేసే, వచ్చే, పోయే, తినే, ఉండే, నేసే — వీటికి వాడు, వాళ్ళు, అది, అవి చేర్చితే చాలు. నేను నేసేవాణ్ణి, ఆడవారైతే నేసేదాన్ని. మేము నేసేవాళ్ళం. నీవు నేసేవాడివి, నేసేదానివి. మీరు నేసేవారు. అతడు నేసేవాడు, ఆమె నేసేది, వారు నేసేవారు. మగ్గమైతే నేసేది, మగ్గాలైతే నేసేవి. పిల్లకు ఇక్కడ ఒక అనుమానము వచ్చింది. స్పానిషులో ‘నేను’కూ ‘అతడు’కూ ఒకటే తెహీయా గనుక ఎవరో విడిగా చెప్పుకోవాలి; తెలుగులో ఆ చిక్కు లేదు, బాగున్నది; కాని ఆడమనిషికీ మగ్గానికీ ఒకటే ‘నేసేది’ ఏమిటి అని. న్యాయమైన ప్రశ్నే. మన భాష ఈ విషయములో ఆడవారికి ఏకవచనములో మర్యాద చేయలేదు. అయితే ‘మేము’ అనేసరికి ఆ భేదము పోతుంది. రాట్నము దగ్గర కండెలు చుట్టిన అమ్మా, మగ్గము గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న నాన్నా ఇద్దరూ కలిసి ‘నేసేవాళ్ళం’. అందుకేనేమో మన ఇండ్లలో ఆ మాటను ‘నేను’తో కంటె ‘మేము’తోనే ఎక్కువగా వింటాము.

ఇది పుస్తకాల తెలుగు. మన పేటలలో ఈ మాట ఇట్లా వినబడదు గదా! మన పెద్దలు కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబ్‌నగరు వైపులనుండి, అప్పటి నిజాము రాజ్యమునుండి, కాలినడకనో రైలుమీదనో ఈ ఊరు చేరినవారు. 1877లో ఇక్కడ నూలు మిల్లు పుట్టింది. మన వాళ్ళు ఇప్పటికీ దానిని జూనీ మిల్లు అనే అంటారు. ఆ వెనుక మరికొన్ని మిల్లులు, ఇంటింటా చేమగ్గాలు, తరువాత మరమగ్గాలు. వచ్చినవారు పడుగు పేకలతోపాటు తమ యాసనూ తెచ్చుకున్నారు. ఆ యాసలో మా నాయనమ్మ ఏమనేది? “మేము నేస్తుంటిమి.” “మీ తాత నేస్తుండె.” “వాళ్ళు నేస్తుండిరి.” లేదా “నేసేటోల్లం.”

ఇప్పుడొక చిత్రమైన సంగతి చెబుతాము. ‘నేసేవాణ్ణి’ అంటే అలవాటుగా నేయడము మాత్రమే. “నేను నేసేవాణ్ణి, ఇంతలో కరెంటు పోయింది” అని ఎవరూ అనరు. “నేస్తూ ఉన్నాను, ఇంతలో కరెంటు పోయింది” అనాలి. పుస్తకాల తెలుగుకు రెండు పనులకు రెండు రూపములు కావాలి. స్పానిషుకు ఒకటే చాలు: తెహీయా అంటే అలవాటుగా నేసేవాణ్ణి అనీ అవుతుంది, నేస్తూ ఉన్నాను అనీ అవుతుంది. మా నాయనమ్మ యాసకూ ఒకటే చాలు! “చిన్నప్పుడు రోజూ నేస్తుంటి” అన్నా నేస్తుంటి. “నేను నేస్తుంటి, గప్పుడే కరెంటు పాయె” అన్నా నేస్తుంటి. స్పెయిను దేశపు ముసలమ్మకూ మా నాయనమ్మకూ ఈ ఒక్క విషయములో కుదిరిన స్నేహము, మాకు తెలుగు నేర్పిన పంతులుగారికీ మా నాయనమ్మకూ కుదరలేదు. ఆ రోజులలో బడిలో ‘నేస్తుంటిమి’ అని వ్రాస్తే ఎర్ర సిరాతో గీత పడేది. మేము పంతులుగిరీ చేసిన కాలములో మేమూ అట్టి గీతలు చాలా గీశాము. ఆ గీతలు ఇప్పుడు తుడిచివేయగలిగితే తుడిచివేస్తాము.

మన పొరుగువారి మరాఠీ సంగతి కూడా చూడాలి, ఎందుకంటే మన పిల్లలు కలలు కనేది ఆ భాషలోనే. మరాఠీలో ‘ఆమ్హీ విణాయ్‌చో’ అంటే మేము నేసేవాళ్ళం, ఒకప్పుడు. అదే విణాయ్‌చ అన్నదాని పక్కన ‘ఆహే’ చేరిస్తే, ‘మలా విణాయ్‌చం ఆహే’ అంటే నేను నేయవలసి ఉన్నది అని రేపటి మాట అవుతుంది. ఒకటే గింజ వెనుకకు మొలిస్తే జ్ఞాపకము, ముందుకు మొలిస్తే కర్తవ్యము. ఇది విని మన పిల్లలు “ఇంకా నేసేది ఉంది” అంటారు. అది తెలుగే, మంచి తెలుగే. కాని ‘తాత నేసేటోడు’ అనవలసిన చోట ‘తాత నేసిండు’ అంటారు. ఒక పిల్లవాడు ‘మా తాత’ అనే వ్యాసము వ్రాసి మాకు చూపించాడు. “మా తాత దుప్పట్లు నేసిండు. రాత్రి నూలు కడిగిండు. భోంగా మోగింది, మా తాత లేచిండు.” చదివితే ఏమనిపిస్తుంది? ఆ తాత జన్మలో ఒక్క రాత్రి నూలు కడిగాడు, మిల్లు భోంగా ఒక్కసారి మోగింది, ఆయన ఒక్కసారి లేచాడు. నలుబది యేండ్ల బ్రతుకు ఒక్క రోజుగా కుదించబడింది. “నేసేటోడు, కడిగేటోడు, భోంగా మోగేది, లేచేటోడు” అని దిద్దించగానే ఆ పిల్లవాడే ఆశ్చర్యపడి, “రోజూనా?” అన్నాడు. రోజూ నాయనా, రోజూ.

అట్లని ‘సిండు’, ‘ఇంది’ రూపములు తక్కువవి కావు. 1930 మే నెలలో ఈ ఊళ్ళో మార్షల్ లా విధించారు. 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టిని, జగన్నాథ శిందేను, శ్రీకిసన్ సార్దాను, కుర్బాన్ హుస్సేనును ఎరవాడ చెరసాలలో ఉరి తీశారు. ఇక్కడ ‘విధించారు’, ‘తీశారు’ అనే అనాలి. అది ఒక్కసారి జరిగింది, తిరిగి రాదు. ఆ కాలములో మన పేటలలో మగ్గాలు నడిచేవి, నూలు ధర కోసము తగవులు పడేవారు, చీకటిపడితే దీపము చుట్టూ చేరేవారు — ఇదంతా పడుగు. ఆ పడుగులోకి నాడె ఒక్క విసురున దూరినట్లు ఆ నలుగురి ఉరి. పడుగు లేనిదే పేక నిలువదు. మరి పేక లేకుంటే పడుగు వట్టి దారాలే. కథ చెప్పే ముసలమ్మలందరికీ ఇది తెలుసు. “అనగనగా ఒక రాజు ఉండేవాడు” అని పడుగు పరిచి, “ఒకనాడు వేటకు వెళ్ళాడు” అని పేక వేస్తారు. స్పానిషు ముసలమ్మ కూడా ‘అబీయా ఉన వెస్’ అని, అనగా ఈ కొస తెగని కాలముతోనే, కథ మొదలుపెడుతుంది. మరాఠీ ఆజీ మాత్రము ‘ఏక్ హోతా రాజా’ అని సూటిగా వస్తుంది. సంస్కృతములో దీనికి ‘స్మ’ అనే చిన్న తోక ఉన్నది: వసతి అంటే ఉంటున్నాడు, వసతి స్మ అంటే ఉండేవాడు.

ఇక మా నేరము.

నలుబది యేండ్ల నాటి మాట. మేము కొత్తగా పంతులు పనిలో చేరినవారము. మరాఠీ బాగా వచ్చునని పేటలో పేరు. ఏ కాగితము వచ్చినా మా గుమ్మములోకి వచ్చేది. మా వీధి చివర ఒక వృద్ధ దంపతులు ఉండేవారు. మేము వారిని మామా, అత్తమ్మా అని పిలిచేవారము. పెద్ద కొడుకు భీవండి వెళ్ళి మరమగ్గముల కార్ఖానాలో చేరాడు. చిన్నవాడు చిన్నతనములోనే పోయాడు. ఇంట్లో ఒక గుంట మగ్గము మిగిలి ఉండేది. నూలు అప్పు దొరికిన వారము మామ నేసేవాడు, దొరకని వారము అత్తమ్మ చుట్టిన బీడీలమీద ఇల్లు గడిచేది. వృద్ధ చేనేతకారులకు నెలకు కొంత సహాయము ఇస్తున్నారని విని మామ మమ్ములను తోడు తీసుకొని ఒక కార్యాలయమునకు వెళ్ళాడు.

అక్కడి గుమాస్తా మరాఠీలో అడిగాడు: “తుమ్హీ కాయ్ కర్తా?” మీరేమి చేస్తారు అని.

మామ తెలుగులో చెప్పాడు: “మేము నేసేటోల్లం సారూ.”

మేము గొప్పగా అనువాదము చేశాము: “తే మ్హణతాత్, ఆమ్హీ విణాయ్‌చో.”

గుమాస్తా తల ఊపి ఏదో వ్రాసుకున్నాడు. రెండు నెలలకు కాగితము వచ్చింది. దరఖాస్తుదారు ప్రస్తుతము వృత్తిలో లేడు గనుక తిరస్కరించడమైనది అని. గుమాస్తా తప్పేమీ లేదు. మేము చెప్పినదే వ్రాశాడు: ఒకప్పుడు నేసేవారు, ఇప్పుడు లేదు.

కాగితము చదివి వినిపించినప్పుడు మామకు కోపము రాలేదు, అర్థము కాలేదు. “నేసేటోల్లం అని నేను చెప్పితిని గదా అల్లుడా. మగ్గం ఇంట్లనే ఉండె గదా” అన్నాడు. అప్పుడు తెలిసింది. ‘మేము నేసేటోల్లం’ అంటే మేము ఒకప్పుడు నేసేవాళ్ళం అని ఒక అర్థము. మేము నేతవాళ్ళం, మా పని నేత, మేము నేసే మనుషులం అని ఇంకొక అర్థము. మామ చెప్పినది రెండవది. మాకు వినబడినది మొదటిది. ఆయన ‘మేము నేతకాండ్లము’ అని తన ఉనికి చెబితే మేము దానిని జ్ఞాపకముగా మార్చి అప్పగించి వచ్చాము. ‘ఆమ్హీ విణకర్ ఆహోత్’ అని ఉంటే సరిపోయేది, మూడు మాటలు.

మళ్ళీ దరఖాస్తు పెట్టించాము, ఈసారి మగ్గము దగ్గర ఫొటో తీయించి జతపరిచాము. ఆ యేటి జాబితా అప్పటికే మూసివేశారు. మరుసటి యేట పేరు వచ్చింది. మధ్యలో పోయిన పదునాలుగు నెలల సొమ్ము పోయినట్టే. ఆ పదునాలుగు నెలలలో వారింట ఏమి అమ్మినారో, ఎవరి దగ్గర చేయి చాచినారో మేము అడుగలేదు, అడిగే ముఖము లేదు. మామ ఎప్పుడూ మమ్ములను ఒక్క మాట అనలేదు. అత్తమ్మ మాత్రము, బీడీల చేట ఒళ్ళో పెట్టుకొని, తల ఎత్తకుండా ఒకసారి అన్నది: “సదువుకున్నోనివి, నీకు మన మాట సమజు కాకపాయెనా?”

అప్పటినుండి మేము ఆ రూపమును విడిచిపెట్టలేదు. 1858లో చిన్నయసూరి వ్రాసిన బాలవ్యాకరణము మేము విద్యార్థులుగా చదివినదే. ‘నేసెడు’, ‘నేసే’ వంటి రూపమునకు అందులో పెట్టిన పేరు తద్ధర్మార్థకము. ఆ పేరు బట్టీ పట్టాము గాని ఏనాడూ విప్పి చూచినది లేదు. తద్ధర్మము అంటే అది వానికి ధర్మము, స్వభావము, అలవాటు. నేసేవాడు అంటే నేయుట ధర్మముగా గలవాడు. నిన్న నేశాడా, నేడు నేస్తున్నాడా, రేపు నేస్తాడా అన్నది ఆ మాటలో లేనే లేదు. ‘ఒకప్పుడు’ అన్న మాటో, ముందు వెనుకల సందర్భమో దానిని గతానికి ఈడ్చుకుపోతుంది. ఆ తోడు లేకుండా నిలబడితే అది మనిషి పేరు. స్పానిషు తెహీయాకు ఈ రెండవ బ్రతుకు లేదు. నేతగానికి వారు ‘తెహెదోర్’ అని వేరే మాట పెట్టుకున్నారు. మరాఠీ కూడా విణకర్ అని వేరు చేసింది. మన మాటలో రెండూ ఒక్క దుప్పటికి రెండు ముఖాలలాగా కలిసి ఉన్నవి.

కాదు అన్నప్పుడు ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. “మేము పండుగనాడు నేసేవాళ్ళం కాదు” అంటే పండుగనాడు మగ్గము ముట్టేవాళ్ళం కాదు అని. అందులోనుండి పండుగనాడు తీసివేసి “మేము నేసేవాళ్ళం కాము” అంటే, మేము నేతవాళ్ళమే కాము అని కులము కాదన్నట్టే. మూడవ అర్థము ఒకటి ఉన్నది, దానిని మన పేటలో ఎక్కువగా వింటున్నాము: “మగ్గం ఉంటే నేసేవాళ్ళం.” అంటే మగ్గము లేదు, నేయలేదు. జరగని దానికి కూడా ఈ రూపమే. మిల్లులు ఒక్కొక్కటిగా మూతబడిన తరువాత, మరమగ్గాలు తూకానికి అమ్ముడైన ఇండ్లలో, ఈ మూడవ వాడుక మొదటి రెండింటినీ మింగివేస్తున్నది.

మా వీధిలోనే చూడండి. ఒక ఇంటివారు “మేము దుప్పట్లు నేసేవాళ్ళం” అంటారు. వారి మరమగ్గాలు పోయి పదేళ్ళయినది, కొడుకు పూనాలో కంప్యూటరు పని చేస్తున్నాడు. ఎదుటి ఇంటివారు అదే మాట అంటారు. వారి కార్ఖానాలో తువ్వాళ్ళు ఈ పూట కూడా దిగుతున్నవి, అక్కలకోట రోడ్డున పెట్టెలు బండికి ఎక్కుతున్నవి. షోలాపురపు దుప్పటికీ తువ్వాలుకూ భౌగోళిక గుర్తింపు వచ్చినది, మంచిదే. ఈ ఊరి పేరు పెట్టి ఇంకొకచోట నేసినది అమ్మరాదని అందులో ఉన్నది. ఇంత చేసిన చట్టము, దుప్పటి ఏ ఊరిదో చెబుతుంది గాని దానిని నేసేవాడు ఏ అర్థములో నేసేవాడో చెప్పదు. ఇక బీడీలు చుట్టే మన అక్కచెల్లెండ్లు: కుంభారి వైపున గోదూతాయి పరుళేకర్ పేరిట కట్టిన పదివేల ఇండ్ల తాళపుచెవులు 2006లో వారికి అందినవి. అక్కడ స్థిరపడినవారు “మేము సాఖర్ పేటలో ఉండేవాళ్ళం” అంటే దానిలో ఏ సందిగ్ధమూ లేదు. ఉండుటకు మొదటి అర్థమొక్కటే. నేయుటకే మూడు.

పండితులు మన మాటలను కాపాడలేదని అనము. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడెమీ పక్షాన మాండలిక వృత్తి పదకోశమును కూర్చినప్పుడు, 1962లో వ్యవసాయ పదములు వెలువడగా 1971లో వెలువడిన సంపుటము అంతా చేనేత పదములే. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు, ఆసు — ఏ జిల్లాలో ఏమంటారో అందులో దొరుకుతుంది. మగ్గము గుంట పూడ్చివేసినా ఆ మాటలు ఆ పుస్తకములో ఉంటాయి. కాని ‘నేస్తుంటిమి’ ఏ పదకోశములోనూ ఒక పదముగా ఉండదు. అది చెప్పేవారి నోట మాత్రమే ఉంటుంది. అడిగితేనే వస్తుంది, అదీ సరియైన ప్రశ్న అడిగితేనే. “నాయనమ్మా, నీవు ఏం చేసినవు?” అంటే “ఏం చేసిన బిడ్డా, ఏం చేయలే” అంటుంది. “ఏం చేస్తుంటివి?” అని అడిగి చూడండి, పొయ్యి మీది అన్నము మాడేవరకూ చెబుతుంది.

మా మనుమరాలు వెళ్ళే ముందు ఇది చేసింది. మా వీధిలో తొంభై యేండ్లకు దగ్గరపడిన ఒక అవ్వ ఉన్నది. పిల్ల నోటు పుస్తకము తీసుకొని వెళ్ళి ఆమె అరుగు మీద కూర్చున్నది. మొదట తనకు వచ్చిన తెలుగులో, “అవ్వా, మీరు నేశారా?” అని అడిగింది. అవ్వకు అర్థము కాక మా వంక చూచింది. మేము ఏమీ అనలేదు. పిల్ల పుస్తకములో తాను వ్రాసుకున్న పట్టిక చూచుకొని, వేలు పెట్టి, మళ్ళీ అడిగింది: “అవ్వా, మీరు నేస్తుంటిరా?”

“నేస్తుంటిమి బిడ్డా” అని అవ్వ మొదలుపెట్టింది. గంజి పట్టించి ఎండలో పడుగు సాచేదట, వాన మబ్బు కమ్మితే వీధి వీధంతా ఎవరి పడుగని చూడకుండా చుట్టబెట్టేవారట, చంటిబిడ్డను మగ్గము పక్క ఉయ్యాలలో వేసి కాలితో తాడు ఊపేదట, నారళి పున్నమ నాడు మార్కండేయస్వామి రథము వస్తుందంటే ముందు రాత్రే మగ్గము కడిగి బొట్టు పెట్టేవారట. గంటన్నర చెప్పింది. పిల్ల నాలుగు పుటలు నింపింది. పిల్ల లేవబోతూ, అవ్వ అలసిపోయిందనుకొని, ఓదార్పుగా, “అయితే అప్పుడు మీరు నేసేవాళ్ళన్నమాట” అన్నది.

అవ్వ కాస్త నొచ్చుకున్నట్టు చూచింది. “అప్పుడేంది? నేసేటోల్లమే” అన్నది.

పిల్ల ఆ మాటను ఎట్లా వ్రాసుకోవాలో తెలియక పుస్తకము తెరిచి మా వైపు చూచింది. పట్టికలో ఏ గడిలో వేయాలి అని అడిగింది. ఒక గడిలో వేయవద్దు, పక్కన విడిగా వ్రాసుకో అన్నాము. అట్లాగే వ్రాసుకున్నది. ఆ పుస్తకము ఇప్పుడు టెక్సాసులో ఉన్నది. స్పానిషు పరీక్షలో మంచి మార్కులే వచ్చినవని ఫోనులో చెప్పింది.

మన సంఘము వారికి ఒక చిన్న విన్నపము. ఈ సంచిక వెనుక పుటలలో ప్రకటనలు పోగా ఒకటి రెండు పుటలు ఖాళీగా మిగులుతూ ఉంటాయి. వచ్చే ఉగాదికి అందులో పిల్లలు తమ అవ్వలను, తాతలను “ఏం చేస్తుంటిరి?” అని అడిగి వ్రాసినవి, వారు అన్నది అన్నట్టుగా, అచ్చు వేయండి. ఎర్ర సిరా గీతలు గీయకుండా చూచే పని మేము తీసుకుంటాము. పచ్చడి సిద్ధమైనదని లోపలినుండి కబురు వచ్చింది, పిల్లలు లేవనే లేచారు.